ఏడో గడి

రాయదుర్గంలో మెట్రో దిగి ఎస్కలేటర్ మీద నిలబడితే
ముందున్న వీపులన్నీ పాతికేళ్లవి.
నా సంచిలో టిఫిన్ డబ్బా, బీపీ మాత్ర,
కంపెనీ ఇచ్చిన కొత్త ల్యాప్‌టాప్,
ఆరు వారాల శిక్షణ కాగితం.
అందులో నా పేరు పక్కన అప్‌స్కిల్ అని రాశారు,
వాన పడ్డ గోడకి సున్నం వేయించమన్నట్టు.

తొమ్మిదో అంతస్తులో క్లాసు. పదకొండు మందిమి.
పాఠం చెప్పే నౌషీన్
నేను అమీర్‌పేటలో కోబాల్ నేర్చిన ఏడాదికి
ఇంకా పుట్టలేదు.
పరుపుల దుకాణం మేడ మీద గది,
నలభై మందికి నాలుగు కంప్యూటర్లు,
రెండు వేల సంవత్సరం వస్తే లోకం ఆగిపోతుందన్నారు.
దానికి రెండంకెలు అతికించి
మేం జీతాలు తెచ్చుకున్నాం.

"ఎంటర్ కొడితే ఏం కాట్లేదేందమ్మా?"
శశిరేఖ అడుగుతుంది.
"సేవ్ చేయాలి ఆంటీ," అనేసి
నాలుక కరుచుకుని, "మేడమ్" అంటుంది నౌషీన్.

ఏపీఐ అంటే ఏమిటో నాకు మూడు రోజులు ఎక్కలేదు.
నాలుగో రోజు టీ దగ్గర తట్టింది:
బ్యాంకు కౌంటరు కిటికీ.
లోపల ఎవరున్నారో తెలియనక్కర్లేదు,
చీటీ సరిగ్గా నింపి ఇస్తే జవాబొస్తుంది,
తప్పు నింపితే చీటీయే వెనక్కొస్తుంది.
నౌషీన్ కప్పు పట్టుకుని కాసేపు ఆగి
"వచ్చే బ్యాచ్‌కి ఇదే చెప్తా సార్" అంది.

నాకు తెలిసింది నల్ల తెర, పచ్చ అక్షరాలు.
ఎనభై గడుల వరస.
మొదటి ఆరూ వరస నంబరుకి,
ఎనిమిది నుంచి అసలు పని.
మధ్యన ఏడో గడి.
అందులో ఒక్క నక్షత్రం పెడితే
ఆ వరసను యంత్రం దాటేసి పోతుంది.
మనుషులే చదువుతారు, ఎవరైనా చదివితే.

రాత్రి రెండున్నరకి ఫోన్ మోగిందంటే
అంకె ఉండాల్సిన చోట అక్షరం దూరిందని అర్థం.
మొగిలయ్య లుంగీ మీదే స్కూటరెక్కి వచ్చేవాడు.

నాలుగో వారం ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ
జావాలోకి తిరగరాశాం.
రెండు లక్షల ఖాతాల మీద
పదకొండు రూపాయల నలభై పైసల తేడా.
"రౌండింగ్ అయ్యుంటుంది" అన్నాడు భద్రయ్య,
కళ్లద్దాలు నుదుటికి తోసి.
నేను పాత ప్రోగ్రాం తెరిచాను.
నాలుగు వేల పైచిలుకు వరసల లోపల
ఏడో గడిలో నక్షత్రం,
దాని పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన తెరిచిన ఖాతాలు.
ఒక రోజు కలపాలి. ముట్టుకోవద్దు. మొగిలయ్య.

నాలుగేళ్లకోసారి వచ్చే రోజున
బ్యాంకు మెట్లెక్కినవాళ్లు,
ఇంకా ఐదుగురు మిగిలి ఉన్నారు.
మొగిలయ్యకి ఫోన్ చేశాను.
ఆ నంబరిప్పుడు మౌలాలిలో కూలర్లు బాగుచేసే అతనిది.
"ఎవరు కావాలె?" అన్నాడు.
ఏం చెప్పను.

"కామెంట్ కూడా తెచ్చేయండి సార్,
ఇక్కడ రెండు వాలుగీతలు పెట్టాలంతే.
తెలుగులోనే రాయొచ్చు, ఏ లిపైనా తీసుకుంటుంది."
ఇన్నేళ్లకి మొదటిసారి
ప్రోగ్రాం లోపల తెలుగు అక్షరం.
ట కింద ట వత్తు ఎక్కడుందో
వెతకడానికే ఐదు నిమిషాలు పట్టింది.

"ఏం రాశారు సార్? నాకు మాట్లాడ్డమే వచ్చు, చదవరాదు."
చదివి వినిపించాను.
నవ్వింది.
"ముట్టుకోవద్దంటే ఎట్ల సార్?
ఎవరో ఒకరు ముట్టుకుంటారు.
టెస్టు రాద్దాం. తప్పు చేస్తే అదే అరుస్తది."

మొగిలయ్యకి ఈ మాట చెప్తే ఏమనేవాడో.
బీడీ ఆర్పేసి, చూద్దాం పా అనేవాడేమో.

ఐదు ఖాతాలకి ఐదు పరీక్షలు.
మొదట ఎర్ర.
మళ్లీ ఎర్ర.
శశిరేఖ ఆఖరి షటిల్ పోతుందని లేచెళ్లింది.
కింద మైండ్‌స్పేస్ వైపు బండ్లు కదలడం లేదు.
ఆరూ నలభైకి ఐదూ వరసగా
పచ్చ.

ఈ పచ్చ నాకు తెలుసు.